నా బండిని నేనే పొగిడిన పొద్దు

మార్కాపురంలో మాది కిరాణా దుకాణం. పదిహేడేళ్లుగా ఆ దుకాణం సరుకునూ నన్నూ మోస్తున్నది ఒకటే బండి. కొన్నప్పుడు నల్లగా ఉండేది. ఇప్పుడు నలుపు పోయిన చోటల్లా తుప్పు వచ్చి, దూరం నుంచి చూస్తే అదొక కొత్త రంగేమో అనిపిస్తుంది. వెనక సీటుకు రెండు నూనె డబ్బాలు, ట్యాంకు మీద చక్కెర మూట, మధ్యలో నేను. ఎదురొచ్చేవాళ్లకు సరుకు ఎక్కడ అయిపోయి మనిషి ఎక్కడ మొదలయ్యాడో తెలిసేది కాదు.

నాకు దాని మీద ఏ ఫిర్యాదూ లేదు, దొనకొండ రోడ్డు మీద ఒక మోపెడ్ నన్ను దాటిపోయేదాకా. నడిపేది ఒక ముసలాయన. వెనక గడ్డిమోపు, ఆ గడ్డి మీద తాడుతో కట్టిన మేకపిల్ల. నన్ను దాటాక ఆ మేకపిల్ల మెడ వెనక్కి తిప్పి, రోడ్డు మలుపు తిరిగేదాకా నన్నే చూసింది.

ఆ రోజు నుంచి నా మనసు మనసులో లేదు. గిరాకీ లేనప్పుడల్లా ఫోన్లో స్పోర్ట్స్ బైకుల వీడియోలు చూడడం మొదలుపెట్టాను. గల్లాపెట్టె దగ్గర కూర్చునే నాయన ఒకసారి తొంగి చూశాడు.

"ఏందిరా అది, మిడతా?"

"బండి నాయనా."

"దాని మీద బియ్యం మూట యాడ పెడతావు?"

"బియ్యానికి కాదు నాయనా."

"మరి దేనికి?"

నలభై నాలుగేళ్ల కొడుకు, మేకపిల్ల చూసిన చూపు గురించి తండ్రికి ఎలా చెబుతాడు? ఫోను జేబులో పెట్టుకున్నాను. నా భార్య మాత్రం అడ్డు చెప్పలేదు. "కావాలంటే తెచ్చుకో. నన్ను మాత్రం ఎక్కమనొద్దు. ఆ ఎనక సీటుకు నిచ్చెన వేసుకోని ఎక్కాల" అంది.

గిద్దలూరులో పాత బళ్లు అమ్మే దుకాణం ముందు ఒక ఎర్ర బండిని అంతకు ముందే చూసిపెట్టుకున్నాను. చూశానంటే ఆగి చూడలేదు. నడుస్తూ, ఓరకంట. కావలసిన వస్తువు ముందు ఆగకూడదని మా ఇళ్లల్లో పిల్లలకు నడక నేర్పేటప్పుడే నేర్పుతారు.

ఇక ఎత్తు వేశాను. బోణీ బేరానికి వెళ్లాలి. పొద్దున్నే వచ్చిన మొదటి గిరాకీని ఏ దుకాణదారుడూ ఉత్త చేతులతో పంపడు. పంపితే ఆ దినమంతా అలాగే పోతుందని భయం. ఆ భయంతో నేనే ఎన్నిసార్లు అసలుకు సరుకు ఇచ్చి పళ్లు కొరుక్కున్నానో. ఈసారి కొరుక్కునే వంతు అవతలివాడిది. తెల్లారగానే పాత బండి మీద బయల్దేరి కంభం మీదుగా గిద్దలూరు చేరేసరికి, దుకాణమాయన అప్పుడే షట్టరు ఎత్తి, వాకిట్లో నీళ్లు చల్లి, అగరుబత్తి వెలిగిస్తున్నాడు. నేను మనసులో నన్ను మెచ్చుకున్నాను.

బల్ల మీద ఒక పెద్దాయన కూర్చుని టీ తాగుతున్నాడు. చేనికి పోయి రావడానికి పాత బండి చూసుకుందామని వచ్చిన రైతు. ముందు రోజే అన్నీ చూశాడట, ఏదీ నచ్చక, ఇంకేదైనా వస్తుందేమోనని కూర్చున్నాడు.

మార్కాపురంలో కిరాణా దుకాణం మాదని చెప్పుకున్నాక, దుకాణమాయన ఎర్ర బండి తాళం, హెల్మెట్ నా చేతికిచ్చాడు. "ఒక రౌండు ఏసి రాపో అన్నా. తర్వాత మాట్లాడుకుందాం."

నంద్యాల రోడ్డు ఎక్కాను. అబద్ధమెందుకు, ఆ ఐదు నిమిషాలు నేను నేను కాదు. పొద్దున్నించీ దూరంగా కనబడుతున్న నల్లమల కొండలు ఉన్నట్టుండి ముఖం మీదికి వచ్చేశాయి. కడుపు ఎక్కడో వెనక జారిపడి, తర్వాత పరుగెత్తుకుంటూ వచ్చి కలిసినట్టయింది. ఆనందం పట్టలేక గట్టిగా కేక వేశాను. చుట్టుపక్కల ఎవరూ లేరని చూసుకున్నాకే వేశాను.

వెనక్కి తిరిగి వచ్చేటప్పుడు ముఖానికి కషాయం తాగిన కళ తెచ్చుకున్నాను. బేరానికి అది ముఖ్యం.

"నడుం పోయింది. బండి మీద కూచున్నట్టు లేదు, ఎవరికో దండం పెడతా పోయినట్టు ఉంది. పెట్రోలు గూడా బాగా తాగుతాదంట గదా?" అన్నాను.

"అన్నా, నువ్వు దుకాణం మనిషివి, నేనూ దుకాణం మనిషినే. ఎనభై ఐదు వేలు చెప్పాల. బోణీ గాబట్టి ఎనభై. నీ పాతది పదికి పట్టుకుంటా."

"పదా?"

తప్పు చేసింది అక్కడే. ఎర్ర బండి ధర తగ్గించడం వదిలేసి, నా బండి ధర పెంచడానికి దిగాను. కొనే వస్తువును తిట్టాలి, అమ్మే వస్తువును పొగడాలి. మా తాతల నాటి పద్ధతి. పొగిడాను. పదిహేడేళ్లలో చలికాలమైనా ఒక్క కిక్కుకే అందుకుందన్నాను. లీటరుకు అరవై తగ్గలేదన్నాను. యర్రగొండపాలెం అవతల అడవి అంచు పల్లెల్లో కూడా దీన్ని బాగుచేసే మనిషి దొరుకుతాడన్నాను. గుండ్లకమ్మ వాగు రోడ్డు మీదికి వచ్చిన రోజు, ఆటోలు ఆగిపోతే నన్ను ఇంటికి చేర్చిందన్నాను. మా పాప పుట్టినప్పుడు ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చింది దీని మీదే అన్నాను.

అమ్మకం మాటల్లో మేము నిజాన్ని కూరలో ఉప్పులా వేస్తాం. ఆ రోజు డబ్బా మొత్తం ఒంపేశాను. అన్నీ నిజాలే. నా నోటితో నేనెప్పుడూ బయటికి చెప్పుకోనివి. చెబుతూ చెబుతూ ట్యాంకు మీది దుమ్మును అరచేత్తో తుడిచాను.

పెద్దాయన టీ గ్లాసు కింద పెట్టి లేచాడు. నా బండి చుట్టూ తిరిగాడు, టైరు నొక్కాడు, నన్ను తాళం తిప్పమని ఒక్క కిక్కు కొట్టాడు. అందుకుంది. పాడుది, ఆ రోజైనా మొరాయించకూడదా!

"పద్దెనిమిది ఇస్తా" అన్నాడు, నడుముకున్న సంచి విప్పుతూ.

దుకాణమాయన చప్పట్లు కొట్టాడు. "అయిపోయె! అన్నా, నీ దానికి పద్దెనిమిది వచ్చె. మిగతా అరవై రెండు ఇచ్చి ఎర్రది తీసుకపో."

కలలో కూడా అనుకోని బేరం. పెద్దాయన నా బండి తాళం కోసం చెయ్యి చాచాడు. బండి ఆపి తీసిన తాళం నా పిడికిట్లో ఉంది. పిడికిలి తెరుచుకోవడం లేదు.

"పెద్దాయనా, ఒక్క మాట" అన్నాను. "అది పొద్దున పూట పొగ వదులుతుంది."

"మా ఇంట్లో పొయ్యి గూడా వదుల్తది."

"చైను వదులు."

"బిగిచ్చుకుంటా."

"బ్రేకు సరిగ్గా పడదు."

"పడకుంటే మార్కాపురం నుంచి వచ్చి ఈడ ఎట్ల ఆగినావు?" అని, పెద్దాయన నా ముఖంలోకి చూశాడు. "ఏంది శెట్టీ, ఇందాక చెప్పింది అబద్ధమా, ఇప్పుడు చెప్పేది అబద్ధమా? ఏదో ఒకటి చెప్పు."

"ఇప్పుడు చెప్పేదే అబద్ధం" అన్నాను. "బండి మంచిది. నేను అమ్మను."

దుకాణమాయన నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. "బోణీ అన్నా! పొద్దున్నే ఇట్ల జేస్తే నా దినం ఏం గావాల?"

బోణీతో ఆయన్ను కొట్టాలని పొద్దున్నే అంత దూరం వచ్చింది నేనే. గోడకు తగిలించిన కొత్త హెల్మెట్లలో ఒకటి దించి, ఎంత అని అడిగి, చెప్పినంతా ఇచ్చేశాను. బేరం ఆడకుండా ఇచ్చేసరికి ఆయనకు అనుమానం వచ్చి, నోట్లను ఒక్కొక్కటే వెలుతురుకు ఎత్తి చూసుకున్నాడు.

బయటికి వచ్చి బండి తీస్తుంటే పెద్దాయన అడ్డం నిలబడ్డాడు. "నన్ను ఆశ పెట్టినావు గదా, కంభం దాకా దింపు."

ఎక్కించుకున్నాను. కొంత దూరం పోయాక వెనక నుంచి "పంతొమ్మిది" అన్నాడు. నేను గేరు మార్చాను. కంభం చెరువు గాలి తగులుతుండగా "ఇరవై" అన్నాడు. బస్టాండు దగ్గర దిగి, సీటు మీద నుంచి చెయ్యి మాత్రం తియ్యలేదు.

"సరే, నువ్వే చెప్పు. ఎంతైతే ఇస్తావు?"

కళ్లు మూసుకుని చింతపండు పట్టుకున్నా ధర చెప్పగలవాణ్ణి. ఎంత వెతికినా నోటికి ఒక్క అంకె రాలేదు.

"ధర తెలీకుండా యాపారం ఎట్ల జేస్తున్నావయ్యా" అని నవ్వి, నా ఫోను తీసుకుని తన నంబరు తనే కొట్టాడు. పేరేమని రాసుకోను అంటే, "బండి కొనేటోడు అని రాసుకో" అన్నాడు.

ఇప్పటికీ నెలకోసారి ఫోన్ చేస్తాడు. "బాగుందా?" అని అడుగుతాడు. మొదట్లో నా ఒంటి గురించి అడుగుతున్నాడనుకుని, మోకాలి నొప్పి దాకా చెప్పుకొచ్చేవాణ్ణి.