వదిన కాళ్ళు

సాగర్ డాము కడుతున్న రోజులవి. నేను రెంటచింతలకు కాపురానికి వచ్చిన మరుసటి ఎండాకాలం, మా ఆయన అక్కను ఆమె భర్త బస్సు దగ్గర దించి, ఇంటిదాకా కూడా రాకుండా వెళ్ళిపోయాడు. ముఖం ఉబ్బి, ఒళ్ళు పాలిపోయి ఉంది వదిన. మూత్రపిండాలు చెడిపోయాయని, ఒంట్లో చేరిన నీరు గుండె మీద భారం వేస్తోందని, ఉప్పు ముట్టకూడదని గుంటూరు డాక్టరు చెప్పి పంపాడట. అంతకు మించిన వైద్యం అప్పట్లో మాకు అందుబాటులో లేదు.

అదంతా మా అత్తగారికి అర్థమైంది. అర్థం కానిదల్లా ఆ కాళ్ళే.

పగలు బాగానే ఉండేవి. పొద్దు వాలాక వాకిట్లో నీళ్ళు చల్లి మంచాలు వేస్తే చాలు, వదిన పిక్కల్లో ఏదో పాకడం మొదలయ్యేది. మనిషి కళ్ళు మూసుకుని పడుకుంటే, కాళ్ళు మాత్రం వాటంతటవే ముడుచుకునేవి, చాచుకునేవి. నులక మంచం కిర్రు కిర్రుమనేది. చూస్తుంటే నాకు ఒళ్ళు జలదరించేది.

"లోపల చీమలు నడుస్తన్నాయి అమ్మాయ్. లేచి నడిస్తేనే ఊరుకుంటయి," అనేది వదిన.

చెయ్యి పట్టుకుని నాపరాళ్ళ మీద అటూ ఇటూ నడిపించేదాన్ని. నడిచినంతసేపూ హాయిగా కబుర్లు చెప్పేది, నవ్వేది కూడా. కూర్చుంటే మళ్ళీ మొదలు. పక్కింటివాళ్ళు ఆ నడక చూసి తమ మంచాలు గోడ అవతలికి జరుపుకున్నారు.

"అది నడవట్లా. దాన్ని ఎవరో నడిపిస్తన్నారు," అంది అత్తగారు.

గడప దగ్గర చల్లుకోమని మా క్రైస్తవుల గుడిలో స్వాములవారు దీవించి ఇచ్చిన ఉప్పు మా ఇంట్లో ఒక జాడీలో ఉండేది. గొడ్డు పాలివ్వకపోయినా అదే, పిల్లాడు జడుసుకున్నా అదే మందు. వదినకు చప్పిడి కూడు వండిపెట్టిన అత్తగారే, రోజూ సాయంత్రం జపం చెప్పుకుని ఆ ఉప్పు గంజిలో కలిపి తాగించేది. కాళ్ళు నెమ్మదించకపోయేసరికి చిటికెడు కాస్తా గుప్పెడైంది.

"డాక్టరు ఉప్పు వద్దన్నాడు గదా అత్తా?" అన్నాను.

"ఆయన వద్దంది కొట్లో ఉప్పు. ఇది దేవుడిదే. దేవుడిది రోగం చేస్తదా ఏంది? నోరు కడుక్కో పో!"

ఒళ్ళు మండి జాడీ దాచేశాను. వెతికి తీసింది. డాము పని నుంచి ఆదివారం ఇంటికొచ్చిన మా ఆయనకు చెబితే, అమ్మ మాట కాదనలేక తెల్లారి మళ్ళీ పనికెళ్ళిపోయాడు మహానుభావుడు. వదిన మాత్రం గటగటా తాగేది. ఒక్క రాత్రి నిద్ర పడుతుందంటే విషమైనా తాగుతానంది.

వాపు మోకాళ్ళు దాటింది. నాలుగడుగులకే ఆయాసం. పడుకుంటే ఊపిరాడక దిండ్లకు ఆనుకునే కూర్చునేది.

"కాళ్ళేమో నడవమంటన్నయి, గుండేమో వద్దంటంది. నేను ఎవరి మాట ఇనాలే?" అని ఏడ్చింది.

ఒక సాయంత్రం, గంజి తాగిన కాసేపటికి, మంచం చప్పుడు ఆగింది. వదిన దిండు మీద తల వాల్చి ఉంది. కాళ్ళు రెండూ చాపి, కదలకుండా. అత్తగారు సిలువ గుర్తు వేసుకుని, కొంగు నోటికడ్డం పెట్టుకుని సంతోషంతో ఏడ్చింది. గోడ మీదుగా పక్కింటివాళ్ళను సైగ చేసి పిలిచింది.

"వదిలిపోయింది. చానాళ్ళకు నిద్దరపోతంది బిడ్డ. లేపమాకండి."

వాళ్ళు మంచాలు చప్పుడు కాకుండా ఎత్తి మళ్ళీ మా పక్కకు తెచ్చుకున్నారు. అందరం గుసగుసగా మాట్లాడుకున్నాం. కుక్క మొరిగితే అత్తగారు రాయి పుచ్చుకుని తరిమింది. నాకూ సంతోషంగానే ఉంది. కాసేపయ్యాక దుప్పటి కప్పుదామని వెళ్ళి వదిన పాదం సర్దబోయాను. నా కాళ్ళ కింద నాపరాళ్ళు ఇంకా వేడిగానే ఉన్నాయి. ఆ పాదంలో వేడి లేదు.

కాళ్ళ బాధ కూడా మూత్రపిండాల జబ్బులోదేనని చానా ఏళ్ళకు వేరే డాక్టరొకాయన చెప్పాడు. అప్పటికి అత్తగారు లేరు. ఉన్నా చెప్పేదాన్ని కాదు.

పక్క మంచం మీద ఎవరైనా మరీ కదలకుండా నిద్రపోతే నాకు ఇప్పటికీ భయమే. లేచి వెళ్ళి పాదం పట్టుకుంటాను. వాళ్ళు విసుక్కుని కాలు లాక్కున్నాకే వచ్చి పడుకుంటాను.