పదకొండు రోజుల బదులు

మైకు పట్టుకున్న పాపానికి పదకొండు రోజులు మిరప చేలో నడుం వంచిన మనిషిని మీరెప్పుడూ చూసి ఉండరు. చూడాలని ఉంటే నేనున్నాను. ఇప్పుడు చెప్పబోయేది నా పరువు పోయిన కథ. పోయింది ఒక్కసారి కాదు, విడతలవారీగా పోయింది. కాబట్టి కాస్త ఓపిగ్గా వినండి.

అప్పటికి నాకు ఇరవై ఏడేళ్ళు. గుంటూరులో ఒక డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పేవాణ్ణి. ఎవరో మహానుభావుడు ఒకసారి "మీ మాటలో కరెంటుంది సార్" అన్నాడు. ఆ ఒక్క మాట నన్ను చెడగొట్టింది. అప్పట్నుంచి ఆదివారం వస్తే చాలు, ఎక్కడో ఒకచోట జనాన్ని ఉత్తేజపరిచే ఉపన్యాసం. నా ప్రత్యేక విషయం స్వచ్ఛంద సేవ. మరి నువ్వు చేసిన సేవేమిటయ్యా అంటారా? అదే, ఉపన్యాసం చెప్పడమే. ఇంట్లో మా అమ్మ నీళ్ళ టిన్ను ఎత్తిపెట్టమంటే మాత్రం నాకు నడుం నొప్పి వచ్చేది.

ఫిబ్రవరిలో ఒక సేవా సంఘం వాళ్ళు పట్నానికీ పల్లెకీ మధ్య భాగస్వామ్యం పెంచాలని సభ పెట్టారు. సత్తెనపల్లి దాటాక ఒక ఊళ్ళో, బడి ఆవరణలో. ఊరి పేరు చెప్పను. వాళ్ళు నన్నింకా మర్చిపోలేదు. మా కాలేజీ నుంచి ఒక బస్సు నిండా పిల్లల్ని తీసుకెళ్ళాం. పిల్లల్ని అదుపులో పెట్టడానికి మీరావలి వచ్చాడు. మీరావలి మా కాలేజీలో ఆటల మాస్టారు, నా ఈడువాడు. నా ఉపన్యాసాలు ఎక్కువసార్లు విన్నవాడు కాబట్టి నా మీద వాడికి భ్రమలేవీ లేవు.

ఆ రోజు నేను రెచ్చిపోయాను. "తిరిగి ఏమీ ఆశించకుండా చేసేదే సేవ! ఆశించావా, అది వ్యాపారం!" అని బల్ల గుద్దాను. చప్పట్లు. "ఎవరు ముందుకొస్తారు? చేతులెత్తండి!" అన్నాను. ముందు వరసల్లో మా పిల్లలు ముప్పై మంది చేతులెత్తారు. నా ఛాతీ ఉబ్బిపోయింది.

అప్పుడు వెనక వరసలోంచి ఒకావిడ లేచింది. యాభై దాటిన మనిషి, పేరు మస్తానమ్మ.

"బాగా చెప్పావు నాయనా. నాకు అరెకరం మిరప ఉంది. కాయ పండి చెట్టు మీదే ఉంది. మా ఆయనకి మోకాలు ఆపరేషన్ చేశారు, మంచం దిగట్లా. ఒక్కదాన్నే చేసుకోవాల. నీ సేవ నా చేలోకి వచ్చుద్దా?"

జనం నవ్వారు. ఆ నవ్వు నన్ను కుట్టింది.

"తప్పకుండా వస్తుందమ్మా! ఎంతమంది కావాలి?"

"పదిహేను మంది ఉంటే ఒక్క రోజులో తేలిపోద్ది."

"పదిహేను ఏమిటమ్మా! ముప్పై మంది! వచ్చే ఆదివారం పొద్దున ఏడింటికి మీ చేలో ఉంటాం!"

మీరావలి వెనకనుంచి నా చొక్కా లాగాడు. "ఒరేయ్, ఆగరా." నేను ఆగలేదు. మైకు చేతిలో ఉన్నప్పుడు నన్ను ఆపినవాడు లేడు.

మస్తానమ్మ ఇంకా నిలబడే ఉంది. "ఆదివారానికి కూలీల మేస్త్రి మనుషుల్ని పంపుతానన్నాడు. మీరొస్తే ఆయన్ని రావద్దని చెప్పేస్తా. ఆళ్ళు వేరే ఊరు పోతారు. మళ్ళీ వారం దాకా దొరకరు. మాట ఖాయమేనా?"

"నిశ్చింతగా చెప్పేయండమ్మా!" అన్నాను.

ఆ రెండు మాటల బరువు నాకప్పుడు తెలియలేదు. పండిన కాయ చెట్టు మీద ఉండగా వాన పడితే రంగు పోయి తాలు అవుతుంది. తాలు కాయను మిర్చి యార్డులో పక్కకు నెట్టేస్తారు. ఆ అరెకరమే ఆ ఇంటికి ఏడాది తిండి. నాకు మాత్రం వేదిక దిగగానే నాకు కప్పిన శాలువా మీదే ధ్యాస.

ఇంటికొచ్చి వాట్సాప్ గ్రూపు పెట్టాను. పేరు "సేవా సైన్యం". ముప్పై మంది చేరారు. మొదటి నాలుగు రోజులు దండాలు, బొటనవేళ్ళు, పిడికిళ్ళ బొమ్మలు. గురువారం టీవీలో వాతావరణం వాళ్ళు మబ్బుల మాట ఎత్తారు. శుక్రవారం నుంచి గ్రూపులో జబ్బులు మొదలయ్యాయి.

"సార్, మా మేనత్త కూతురి ఓణీల ఫంక్షన్."

"సార్, కాలు బెణికింది."

"సార్, నాకు మిరపకాయ పడదు." ఈ చివరివాడు రోజూ సాయంత్రం కాలేజీ గేటు దగ్గర మిరపకాయ బజ్జీల బండి ముందు నిలబడేవాడు.

ఆదివారం పొద్దున బస్టాండులో తేలినవాళ్ళు ముగ్గురు పిల్లలు, మీరావలి, నేను. వెరసి అయిదుగురం.

"ఇంకొకసారి ఆలోచించుకో. నిజం చెప్పేద్దాం, ఫోన్ చెయ్" అన్నాడు మీరావలి.

"వెనక బస్సుకి వస్తారేమోరా."

"ఎవరు? ఆ బజ్జీలవాడా?"

చేను గట్టు మీద మస్తానమ్మ మా కోసమే నిలబడి ఉంది. ముప్పై మందికి సరిపడా గోతాలు మడత పెట్టి ఉంచింది. పెద్ద కుండ నిండా మజ్జిగ. మమ్మల్ని చూసి, మా వెనక చూసి, రోడ్డు వైపు చూసింది.

"మిగతా ఆళ్ళేరి నాయనా?"

ఇక్కడ నేను నోరు మూసుకుని నిజం చెప్పాల్సింది. "ఎనిమిదిన్నర బస్సుకి వస్తున్నారమ్మా" అన్నాను.

కోత మొదలైంది. మిరపకాయ కోయడంలో ఏముంది, కనబడ్డ ఎర్రకాయనల్లా తుంపడమే కదా అనుకుంటారు మీరు. నేనూ అలాగే అనుకున్నాను. తొడిమతో సహా రావాలి, కొమ్మ విరగకూడదు, పూత రాలకూడదు, దోరకాయ ముట్టకూడదు. నేను అరగంటలో ఈ నాలుగు తప్పులూ చేశాను.

"నాయనా, అది ఇంకా పచ్చిది. దాన్ని చెట్టుకే ఉండనియ్యి."

"సరేనమ్మా."

"నాయనా, కాయ కోయమన్నా. కొమ్మ కాదు."

ఎనిమిది దాటగానే చేతులు మండిపోయాయి. చెమట కళ్ళలోకి దిగితే, ఆ చేతులతోనే తుడుచుకున్నాను. అమ్మో! ఆ తర్వాత పావుగంట నాకు ప్రపంచం కనబడలేదు. గట్టు మీద కూర్చుని బావురుమన్నాను. మస్తానమ్మ నా మొహం మీద మజ్జిగ కొడుతూ ఉంటే, రోడ్డు మీద బస్సు ఆగిన చప్పుడైంది. ఎవరూ దిగలేదు.

"ఎనిమిదిన్నర బస్సు పోయింది నాయనా."

"పదిన్నరకి ఉందమ్మా" అన్నాను కళ్ళు మూసుకునే.

పదిన్నర బస్సులోంచి ఒక ముసలాయనా, ఒక మేకా దిగారు. మస్తానమ్మ చేతిని నుదుటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసింది. నేను పన్నెండున్నర బస్సు మాట ఎత్తాను. పడమట మబ్బు నల్లబడుతోంది. మా అయిదుగురి కోత కలిపితే రెండు గోతాలు కూడా నిండలేదు. ఆమె ఒక్కత్తే అంతకంటే ఎక్కువ కోసింది. మీరావలి నా పక్క సాలులోకి వచ్చి నెమ్మదిగా, "పన్నెండున్నర బస్సు కోసం కూడా చూస్తావా, నిజం నన్ను చెప్పమంటావా?" అన్నాడు.

నేనే చెప్పాను. "అమ్మా, ఇంకెవరూ రారు. నాకు పొద్దున్నే తెలుసు. అబద్ధం చెప్పాను."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. ఆమె మబ్బు వైపు చూసి, "ఆ ముక్క ఏడింటికే చెప్పాల్సింది" అని గట్టెక్కి పక్క చేలోకి కేకేసింది. "అంకమ్మా! ఓ అంకమ్మా! నా చేను మిగిలిపోయిందే!"

పక్క చేలో కోస్తున్న అంకమ్మ నడుం ఎత్తి చూసింది. ఎందుకు, ఏమిటి అని అడగలేదు. తన సాళ్ళు ఇంకా రెండున్నాయి. వాటిని అలాగే వదిలేసి, అటు పక్క చేలోకి తను కేకేసింది. ఒంటిగంటకల్లా పదకొండు మంది ఆడవాళ్ళు గట్లు దాటి వచ్చారు. తలకి గుడ్డ, నడుముకి ఒడి కట్టుకుని సాళ్ళలోకి దిగారు. రెండు చేతులతో కోస్తూ, మధ్యలో కబుర్లు చెప్పుకుంటూ, ఎవరి కోడలినో తిట్టుకుంటూ, పొద్దు వాలేసరికి చేను ఊడ్చేశారు. ఆఖరి గోతాం కూడా కళ్ళంలోకి చేరి పట్టా కప్పాక నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంత మంచి ముగింపు దొరికితే నేనూరుకుంటానా? గొంతు సవరించుకున్నాను.

"అమ్మలారా! తిరిగి ఏమీ ఆశించకుండా మీరు చేసిన ఈ సేవ..."

"సారూ" అంది అంకమ్మ, "బదులు ఎవరిది?"

"బదులేమిటి?"

మస్తానమ్మ విడమరిచి చెప్పింది. వాళ్ళలో ఒకరి చేలో ఇంకొకరు పని చేస్తే, ఆ చేను గలవాళ్ళు మళ్ళీ వచ్చినవాళ్ళ చేలో అంత పనీ చెయ్యాలి. ఇది కూలి కాదు, దీనికి డబ్బు తీసుకోరు. మనిషికి మనిషే బదులు. "ముప్పై మందిని తెస్తానని మాటిచ్చింది నువ్వు నాయనా. ఈళ్ళు ఆ రానోళ్ళ లెక్కలో కోశారు. కాబట్టి బదులు నీదే."

"కానీ అమ్మా, సేవలో తిరిగి ఆశించకూడదని మొన్ననే..."

"ఆశించటంలా సారూ. అడుగుతన్నాం" అంది అంకమ్మ.

మీరావలి నవ్వాపుకోలేక మొహం తిప్పేసుకున్నాడు. అంకమ్మ వేళ్ళ మీద లెక్క వేసింది. పదకొండు మంది, తలా ఒక పూట. వెరసి పదకొండు పూటలు. తర్వాత నా గోతాంలోకి తొంగి చూసింది. లోపల చెయ్యి పెట్టి ఒక కొమ్మ బయటికి తీసింది. "ఈయన కోత మన కోతలో సగమే వదినా. పదకొండు పూటలంటే ఈయనకి పదకొండు రోజులు పట్టుద్ది."

ఏదో ఒకటి చెప్పి తప్పించుకుందామనే అనుకున్నాను. కానీ సోమవారం తెల్లారేసరికి గుంటూరులో వాన. మస్తానమ్మకి ఫోన్ చేశాను. "నా కాయకేం కాలా నాయనా, పట్టాల కింద భద్రంగా ఉంది" అంది. "మరి అంకమ్మ గారి రెండు సాళ్ళు?" అన్నాను. "అయి తడిశాయి" అంది. అంకమ్మ ఆ మాట నాతో ఆనాడూ అనలేదు, ఈనాటికీ అనలేదు. ఆ తడిసిన సాళ్ళు నా నోటి దూల వల్లే తడిశాయి. ఆ రోజు నిజంగా సిగ్గుపడ్డాను.

వాన వెలిసి తర్వాతి కోత మొదలయ్యాక, సెలవులు పెట్టి పదకొండు రోజులూ వెళ్ళాను. మూడో రోజుకి నడుం పోయింది, అయిదో రోజుకి తిరిగొచ్చింది. ఏడో రోజుకి దోరకాయకీ పండుకాయకీ తేడా చూడకుండానే వేలికి తెలిసింది. ఎవరి కోడలు ఎలాంటిదో కూడా తెలిసింది. పదకొండో రోజు సాయంత్రం అంకమ్మ నా గోతాం ఎత్తి చూసి మెచ్చుకోలుగా తలూపింది.

"ఈ నాలుగు రోజులూ మాతో సమానంగా కోశావు సారూ. లెక్క మించింది. మించిన నాలుగు పూటల్ని పదకొండు మందికి పంచలేం, అందుకని ఇప్పుడు మేమే నీకు తలా ఒక పూట ఉన్నాం. బదులు ఉంచుకోటం మాకు అలవాటు లేదు. నీకేం పనుందో చెప్పు, అందరం వస్తాం."

గుంటూరులో రెండు గదుల ఫ్లాటులో ఉండేవాడికి పదకొండు మంది చేసే పని ఏముంటుంది? వద్దంటే ఊరుకోలేదు. అప్పుడు గుర్తొచ్చింది. ఆదివారం గుంటూరులో నా ఉపన్యాసం ఉంది, "సమాజ సేవలో మన పాత్ర" అని. మా పిల్లలు నన్ను చూస్తేనే వేరే సందులోకి మళ్ళుతున్నారు. హాలు ఖాళీగా ఉంటుందని బెంగపడుతున్నాను.

"ఏం లేదమ్మా. వచ్చి కూర్చుని వినండి, చాలు."

"అంతేనా?" అని జాలిగా చూసింది.

ఆదివారం సత్తెనపల్లి బస్సు దిగి పదకొండు మందీ వచ్చారు. ముందు వరస నిండింది. నా ఉత్సాహానికి పట్టపగ్గాల్లేవు. రెండున్నర గంటలు మాట్లాడాను. మధ్యలో ఒకావిడ తూలితే అంకమ్మ మోచేత్తో పొడవడం, "పనిలో ఉన్నామే, లే" అనడం నాకు వేదిక మీదికి వినబడ్డాయి. అయినా ఆగలేదు.

అయిపోయాక దగ్గరికి వెళ్ళాను. "ఎలా ఉందమ్మా?" అన్నాను ముఖం వెలిగిపోతుండగా.

అంకమ్మ లేచి నడుం విరుచుకుంది. మిగతా పది మంది వైపు చూసింది. వాళ్ళు తలలూపారు.

"ఒక పూట పనే కదా అని వచ్చాం సారూ. ఇది పూట పని కాదు. కోతలో అయితే మధ్యలో నీళ్ళు తాగుతాం, కబుర్లాడుకుంటాం, నీడకి పోతాం. దీంట్లో అదేం లేదు. రెండు పూటల పెట్టు. లెక్క ప్రకారం ఇప్పుడు నువ్వే మాకు తలా ఒక పూట బదులున్నావు. మంగళారం మా చేలోకి రా."

వెళ్ళాను. పదకొండు పూటలూ తీర్చి, మండే అరచేతులు మజ్జిగలో ముంచుకుని, మీరావలి సాక్షిగా ప్రమాణం చేశాను. ఇక ఈ జన్మలో కోతల కాలంలో మైకు ముట్టను. ముట్టినా పది నిమిషాలు దాటను. ఒకవేళ దాటినా, అంకమ్మ కూర్చున్న సభలో మాత్రం నోరు విప్పను.