నొక్కేసిన ముల్లు

బెడోక్ రిజర్వాయర్‌కి వెళ్లే బస్సులో, పక్కన కూర్చున్న పెద్దాయన నా కొత్త గాలపు కర్రకేసి చూశాడు. మలేషియాలో పుట్టిన తెలుగాయన. "పీకాక్ బాస్ చేపకా, తంబీ?" అన్నాడు. అడక్కుండానే నా ప్లాస్టిక్ ఎర అందుకుని, దాని గాలం మొన దగ్గర, గుచ్చుకున్నది ఊడిరాకుండా పట్టే ఎదురుముల్లును తన ప్లయర్‌తో నొక్కేశాడు.

నాకు ఒళ్లు మండింది. "చేప జారిపోదా, అంకుల్?"

"లైన్ టైట్‌గా పట్టుకుంటే పోదు లా," అన్నాడు తన మలేషియా యాసలో. " పోయినా పోనీ."

ఆయన తర్వాతి స్టాప్‌లో దిగిపోయాడు. ఆ రోజు రెండు చేపలు జారిపోయాయి. ఆయన్ని బాగా తిట్టుకున్నాను.

మూడో వారం, నేను విసరబోయి వెనక్కి ఊపిన అదే గాలం, నాతో వచ్చి వెనక నిలబడ్డ మా అమ్మాయి బుగ్గలో దిగింది. తను ఏడుపు అందుకునేలోపే సులువుగా ఊడొచ్చింది.

ఇప్పుడు బస్సులో ఎవరి దగ్గరైనా కొత్త గాలం కనిపిస్తే, నా చెయ్యి ప్లయర్ కోసం సంచిలోకి వెళ్తుంది.