వంకలు లేని ఉత్తరం

పెద్ద యుద్ధం నడుస్తున్న రోజుల్లో మా ఇంటాయన పల్టన్‌లో సిపాయిగా చేరి ఈజిప్టు పోయాడు. మనిషి మంచివాడే గానీ, అన్నానికి వంక పెట్టనిదే ఆయనకు ముద్ద దిగేది కాదు. ఉప్పెక్కువైందనో, పులుపు చాలలేదనో పూటకో పంచాయితీ. అలాంటి మనిషి దగ్గర నుంచి నెలనెలా ఉత్తరం వచ్చేది: "నేను క్షేమం. తిండి బాగుంది. అధికారులు దయగలవారు."

నాలుగు ఉత్తరాల్లోనూ అవే మాటలు. మా వీధిలో ఇంకో రెండిళ్లకు కొడుకులు రాసినవి తెప్పించి చదివిస్తే, పొల్లు పోకుండా అవే. దాంతో ఆర్మూరులో పసుపు అమ్మే గంజ్ బజారులో పుకారు లేచింది. యుద్ధానికి పోయినవాళ్లు చచ్చిపోయారు, ఉత్తరాలు సర్కారే రాయిస్తోందని.

మా అత్త నమ్మేసింది. ఆమెకు నా మీద కక్షేమీ లేదు. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిపోయాయి పాపం. "కర్మ చెయ్యకుంటే వాని ఆత్మ గోసపడ్తది బిడ్డా. వచ్చే అమాస నాడు నీ గాజులు తియ్యాలె," అంది. నాకు ఒళ్లు మండిపోయింది. బతికున్న మనిషికి పిండం పెడతారా అని అరిచాను.

ఆ వారమే పల్టన్ ప్రచార లారీ వచ్చి గంజ్‌లో ఆగింది. అందులోని సాబు భోంగా గొట్టం నోటికి పెట్టుకుని, అందరికీ వినబడేలా పరాయి దేశంలో మన సిపాయిలు ఎంత సుఖంగా ఉన్నారో చెప్తున్నాడు. పసుపు కుప్పల దగ్గర ఒక్కరూ తలెత్తలేదు. నేను కుప్పలు దాటుకుంటూ పోయి లారీ ముందు నిలబడ్డాను.

"సాబ్, గా ఉత్తరాలు ఎవలు రాస్తున్నరు?"

"పల్టన్ల మున్షీ రాస్తడమ్మా. కష్టాలు రాయొద్దని హుకుం. ఇంటోళ్లు ఫికర్ చేస్తరని."

పక్క కుప్పలోంచి ఒక పసుపు కొమ్ము తీసి ఫట్‌మని విరిచాను.

"గిక్కడ కొమ్ము ఇరిచి లోపల సూడకుంట ఎవ్వలూ కొనరు. మీరేమో పైమెరుగే సూపెడ్తున్నరు. మా ఇంటాయన తిండి బాగుందన్నడంటే నేనెట్ల నమ్మాలె? ఆయన నోట్లె మాట ఉన్నదున్నట్టు రాయించుండ్రి. లేకుంటే అమాస నాడు నా గాజులు పోతయి."

సాబు జేబులోంచి కాగితం తీశాడు. నేను చెప్పిందంతా రాసుకున్నాడు. మా ఇంటికొచ్చి, జవాబు వచ్చేదాకా ఆగమని అత్తను బతిమాలాడు. అత్త సరేనంది. అమావాస్యలు మూడు గడిచాయి. వచ్చిన ఉత్తరాల్లో మళ్లీ అవే మాటలు. పైకి ధీమాగా తిరిగాను గానీ, ఉత్తరాలొచ్చే వేళకు గడప దాటేదాన్ని కాదు.

నాలుగో నెలలో జవాబు ఉత్తరం వచ్చింది. టప్పా తెచ్చినాయన మా అరుగు మీద కూర్చుని చదివాడు:

"గీ వంటోని చేతులిరగ! పప్పు కుడితి లెక్కుంటది. రొట్టె కుక్కకేస్తే కుక్క మొఖం తిప్పుకున్నది. గీ తిండి తిన్నంక తెలిసింది, నీ పులుసు గంత పాడేం గాదు."

అత్త చివాలున లేచింది. "వాడే! నా కొడుకే! గిన్ని వంకలు ఇంకెవ్వనికొస్తయి!" అని వీధంతా వినబడేలా అరిచి, నన్ను కావలించుకుని భోరుమంది. నాకు ఏడుపూ ఆగలేదు, నవ్వూ ఆగలేదు. పెళ్లయినప్పటి నుంచి ఆయన నా వంటను మెచ్చుకోవడం అదే మొదలు.

లారీ మళ్లీ వచ్చిన రోజు మిగతా రెండిళ్ల తల్లులను వెంటబెట్టుకుని అత్తే ముందు నడిచింది. సాబు భోంగా ఎత్తి, సిపాయిల సుఖసంతోషాల పాట అందుకోబోయాడు. అత్త చెయ్యెత్తి ఆపేసింది.

"గవన్నీ తర్వాత సాబ్. ముందుగాల ఈళ్ల కొడుకుల తిట్లు గూడ రాయించి తెప్పియ్యి."