టెన్షన్ పడకు, జల్ది రా

నిన్న తొమ్మిదో తరగతిలో, మనిషి కుదురు చెదరగొట్టడానికి ఇంగ్లీషులో ఉన్న మాటలు బోర్డు మీద రాశాను. డిస్టర్బ్, అప్‌సెట్, రాటిల్, ఫ్లస్టర్, పర్టర్బ్. ఒకమ్మాయి లేచి, "ఒక్క పనికి ఇన్నెందుకు మేడం?" అంది. నవ్వి కూర్చోమన్నాను. మా బాపు అయితే ఇంకో రెండు చెప్పమనేవాడు.

బాపు నిడమనూరు దగ్గర మా ఊళ్ళో గొర్లు కాసేవాడు. మిర్యాలగూడలో డిగ్రీ చదివేటప్పుడు నేను సెలవులకు వెళ్తే, మంద వెనక నడుస్తూ నాతో ఇంగ్లీషు మాటలు చెప్పించుకునేవాడు. అందులో ఈ జాతి మాటలంటే ఆయనకు మహా మోజు. కుక్కలు వెంటపడిన రోజు మేత ముట్టని పొట్టేలును చూపించి, "అప్‌సెట్ అయింది బిడ్డా, జర సేపు డిస్టర్బ్ జెయ్యకు" అనేవాడు. కూర మాడితే, "మీ అమ్మ నర్వస్‌ల ఉన్నది" అని మెల్లగా వాకిట్లోకి తప్పుకునేవాడు. పట్నం డాక్టరు కూడా అంత గంభీరంగా అని ఉండడు.

మా ఇంట్లో చావు కబురు ఎవరికీ ఉన్నదున్నట్టు చెప్పేవాళ్ళు కాదు. దారిలో ఏమైపోతారోనని భయం. తాత పోతే "జర జ్వరమొచ్చింది, రా" అన్నారు. చిన్నాయన పోతే "కాలిరిగింది" అన్నారు. పాపం, చిన్నమ్మ పుట్టింటి నుంచి కట్టులో పెట్టడానికి పసరాకు పట్టుకుని వచ్చింది. అలా పెరిగినదాన్ని, ఎవరన్నా ఆస్పత్రిలో ఉన్నారని ఫోనొస్తే, శవం అప్పటికే ఇంటిదారి పట్టిందనే లెక్క నాకు.

2004లో కోదాడలో టీచరుగా కొత్తగా చేరాను. అప్పటికి నాకు సెల్‌ఫోన్ లేదు. ఒకరోజు పొద్దున పదింటికి, సూర్యాపేటలో ఉండే అన్న మా బడి ఆఫీసుకు ఫోన్ చేశాడు. "బాపుకు గుండె నొప్పొచ్చింది, ఈడ దవాఖానల ఉన్నడు. నిన్ను అడుగుతున్నడు. నువ్వు టెన్షన్ పడకు, జల్ది రా."

టెన్షన్ పడకు అన్నాక ఇంకేం మిగిలింది? బాపు పోయాడనుకున్నాను. బస్టాండులో సూర్యాపేట బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. దాన్ని వదిలేసి మిర్యాలగూడ బస్సెక్కాను. ఆయన్ను కడసారి చూసుకునేది ఇంటి ముందరే గదా అనుకుని, దారంతా కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తూ మా ఊరికి పోయాను.

రెండింటికి ఇల్లు చేరితే తలుపుకు తాళం. వాకిట్లో ఒక్క మనిషి లేడు. పక్కింటి పెద్దమ్మ నన్ను చూసి బయటికొచ్చింది. "ఏందే, నువ్వు గీడికొచ్చినవ్? మీ బాపు సూర్యాపేటల మాట్లాడుతున్నడంట. మీ అమ్మ గూడ పొద్దుగాల్నే గాడికి పాయె" అంది. అంత సంతోషం నా జన్మలో మళ్ళీ ఎరగను. అరుగు మీద కూలబడి, ఆమె ఇచ్చిన నీళ్ళు తాగి, మళ్ళీ రోడ్డు మీదికి పరుగెత్తాను. రెండు బస్సులు మారాను. ఆయన్ను చూడగానే ఏమని తిట్టాలో కూడా అనుకున్నాను.

ఐదున్నరకు ఆస్పత్రి గేటు దగ్గర అన్న నిలబడి ఉన్నాడు.

"మూడున్నరకు పోయిండే. బిడ్డ బస్సెక్కిందా, బస్సెక్కిందా అని అడుగుతనే ఉన్నడు. యాడికి పోయినవే?"

"ఇంటికి" అన్నాను.

అన్న కూడా మా ఇంట్లో పెరిగినవాడే. గోడకు తల ఆనించుకుని ఏడ్చాడు.

మా వాళ్ళలో మొదటిసారి ఒకరు నాకు ఉన్నమాట చెప్పారు, నేను నమ్మలేదు. కోదాడ నుంచి సూర్యాపేటకు గంట దారి. పోయేవాళ్ళ దగ్గర చాలామందికి ఐదు నిమిషాలు కూడా దొరకవంటారు, నాకు మా బాపు ఐదున్నర గంటలు ఇచ్చాడు.