సముద్రం పేరు రాసిన డబ్బా

ఈ మాట ఏళ్లుగా నాలోనే దాచుకున్నాను. ఇంట్లో కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

పెన్న సముద్రంలో కలిసేచోట, నీళ్ల అడుగున బురద పేరుకుంటుంది. అందులో కుళ్లిన పదార్థం నేల మీంచి కొట్టుకొచ్చిందా, సముద్రంలోనే పెరిగి చచ్చిన నాచుదా? అది తేల్చడమే మా పరిశోధన. నేనూ, పులివెందుల అమ్మాయీ (సుజాత అందాం, అసలు పేరు కాదు) ఒకే పడవలో వెళ్లి పక్కపక్కనే బురద తీశాం. మా యాస విని ల్యాబులో నవ్వితే, ఇద్దరం ఇంకా గట్టిగా మాట్లాడుకునేవాళ్లం.

బురదను మంచుపెట్టెలో నేరుగా ల్యాబుకు చేర్చాలి. నేను నా డబ్బాతో చుట్టాల పెళ్లికని ప్రొద్దుటూరు పోయాను. మంచు కరిగి అంతా పాడైంది. మా గైడు సార్‌కు చెబితే చీవాట్లు, పడవ మళ్లీ దొరకదు. కొండాపురం దగ్గర గండికోట జలాశయం నీళ్లు వెనక్కి తగ్గినచోటికి పోయి ఇంకో డబ్బా నింపుకున్నాను. ఇదీ పెన్న బురదే కదా అనుకున్నాను.

మునిగిపోయిన మా మామ ఊరు అక్కడే. ఆ ఒడ్డున గొర్రెలు మేపుతున్న మామ అడిగాడు.

"ఈడ మన గొర్రెల దొడ్డి ఉండె గదప్పా. ఆ గబ్బు మట్టి ఏంటికి తీస్తాండావు?"

నవ్వేసి మూత బిగించాను. మీద సముద్రం పేరు రాశాను.

గొర్రె పెంటికల్లో ఒక కొవ్వు పదార్థం ఉంటుంది, బురదలో ఏళ్ల తరబడి చెడదు. నా డబ్బాలో అదే బయటపడింది. సీమ గొర్రెల ఎరువు సముద్రం దాకా పోయిందని సార్ పొంగిపోయారు. సుజాత బురదలో నాచే కనబడింది. పని చేతకాదని ఆమెను అందరి ముందూ తిట్టారు. మళ్లీ చేసింది. మళ్లీ నాచే.

ఒకరోజు నా బల్ల దగ్గరికి వచ్చింది.

"నీ బురద రవ్వంత ఇయ్యప్పా. నాది యాడ తప్పు పోయిందో చూసుకుంటా."

"అంతా అయిపోయింది."

"పోనీలే. నాకే చాతగాలేదేమో."

డబ్బా నా వెనక ఫ్రిజ్‌లోనే ఉంది.

కొన్నాళ్లకు ఆమె చదువు మానేసి వెళ్లిపోయింది. నాకు పట్టా వచ్చింది. ఎందుకు చెప్పలేదు? భయమేనా? భయమని నన్ను నేనే చాలాకాలం నమ్మించుకున్నాను గానీ, సార్ పొగుడుతుంటే నాకు బాగుండింది, ఆమె తలవంచుకున్న రోజు కూడా బాగుండింది. సిగ్గుగా ఉంది.

ఇప్పుడు జమ్మలమడుగులో పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. సుజాత ఎక్కడుందో వెతకలేదు. క్షమించమని అడిగే ముఖం లేదు. ఒక్కటే చెప్పగలను. నా డబ్బాలోది సముద్రపు బురద కాదు, మా మామ దొడ్డి మట్టి. సుజాత ఎక్కడా తప్పు చేయలేదు.