బ్రూజ్‌లో మామ్మగారి పెసరట్లు

మొన్న రాజమండ్రిలో పని చూసుకుని వస్తూ కొత్తగా తెరిచిన ఓ కొట్టు ముందు ఆగిపోయాను. లోపల ఇనప అచ్చులో పిండి కాలుతోంది. పంచదార మాడీ మాడని కమ్మటి వాసన వీధిలోకి కొడుతోంది. వాఫిల్ అట. ఆ వాసన నాకు కొత్త కాదు. కొన్నేళ్ళ క్రితం బెల్జియంలో బ్రూజ్ అనే పాత నగరంలో, వీధి వీధికీ అదే వాసన పీలుస్తూ మామ్మగారి వెనకాల తిరిగాను. మామ్మగారంటే మా బంధువు కాదు, నరసాపురంలో లేసు వ్యాపారం చేసిన మంగతాయారు గారు. ఊరంతా ఆవిణ్ణి మామ్మగారనే పిలిచేది. ఆవిడ దగ్గర నేను ఈమెయిళ్ళూ ఇంగ్లీషు వ్యవహారాలూ చూసేదాన్ని. పోయినేడు ఆవిడ కాలం చేశారు. ఓ వాఫిల్ కొనుక్కుని తింటూ నాలో నేను నవ్వుకుంటుంటే కొట్టులో కుర్రాడు నన్ను వింతగా చూశాడు.

మేం బ్రూజ్ వెళ్ళింది ఊరు చూడటానికి కాదు. లేసుకు ఆ ఊరు పెట్టింది పేరు. అక్కడ లేసు కొట్టు నడిపే పీటర్ గారు చాలాకాలంగా మా దగ్గర లేసు బల్లగుడ్డలు కొంటున్నారు. కానీ వాటిని ఎవరు అల్లారో, ఎక్కడ అల్లారో గుడ్డ మీద ఎక్కడా ఉండేది కాదు. చూసినవాళ్ళు ఆ ఊరి అల్లికే అనుకునేవారు. ప్రతి గుడ్డకూ ‘నరసాపురం’ అని చిన్న పట్టీ కుట్టాలని మామ్మగారి పట్టు. కుదరదని పీటర్ గారు రాస్తూనే ఉన్నారు. ఆయనకు కోపం వచ్చి కొనడం మానేస్తే, మా దగ్గర అల్లే ఆడవాళ్ళలో సగం మందికి పని ఉండదు. "ఎదురుగా కూచుని అడిగితే కాదనలేడే అమ్మాయ్" అని ఆవిడ ప్రయాణం కట్టారు. ఉన్నది కూడా పోతుందేమోనని నాకు లోపల ఒకటే గుబులు.

ఊరు అంత అందంగా ఉంటుందని నేననుకోలేదు. రాళ్ళు పరిచిన సందులు, మెట్లు మెట్లుగా పైకి లేచిన ఇటుక గోడల ఇళ్ళు, వాటి పునాదులను తాకుతూ కాలవలు, కాలవల్లో హంసలు, గంట గంటకూ ఎత్తైన గోపురం మీంచి పాటలా మోగే గంటలు. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే మామ్మగారు కాలవలోకి వంగి చూస్తున్నారు. "మన కాలవల్లోలా గుర్రపుడెక్క ఒక్క మొక్కా లేదే!" అని మెచ్చుకున్నారు. పడవ ఎక్కాక, పడవ నడిపే ఆయన ప్రతి వంతెన చరిత్రా చెబుతుంటే మధ్యలో నన్ను మోచేత్తో పొడిచారు.

"వేసవిలో వీళ్ళు మనలా కాలవలకి నీళ్ళు ఎప్పుడు కట్టేస్తారో కనుక్కో."

అడిగాను. ఇక్కడ అసలు కట్టెయ్యరని ఆయన చెప్పాడు.

"మరి పూడిక ఎప్పుడు తీస్తారంట?"

పడవలో ఉన్నవాళ్ళంతా మా వైపు తిరిగారు. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఆవిడకు మాత్రం ఆ పరాయి నగరం పక్కూరే. మంచీ చెడూ అడిగి తెలుసుకోవాలి, అంతే.

మర్నాడు మధ్యాహ్నం పీటర్ గారు తమ ఇంటికి కాఫీకి పిలిచారు. "మొదటిసారి పిలిచారు, ఉత్త కాఫీ ఇచ్చి పంపుతారేంటి? నువ్వేం తినకు. పెట్టింది తినకపోతే నొచ్చుకుంటారు" అని మామ్మగారు పొద్దుటి నుంచీ నన్ను పస్తు పెట్టారు, తనూ ఉన్నారు. తీరా వెళ్తే చెరో కప్పు కాఫీ, సాసర్లో బొటనవేలంత బిస్కెట్టు. మామ్మగారు వంటింటి తలుపు వైపు చూస్తూనే ఉన్నారు. అందులోంచి ఏదీ రాలేదు. పట్టీ మాటెత్తితే పీటర్ గారు నవ్వి, "చూద్దాం" అన్నారు. బయటికి రాగానే ఇద్దరం వీధి చివర వాఫిల్ బండి మీద పడ్డాం.

"పాపం, వాళ్ళావిడకి ఒంట్లో బాలేదేమోనే" అన్నారు మామ్మగారు నోటినిండా వాఫిల్‌తో.

"మన ఎదురుగానే నిక్షేపంలా కూచున్నారు కదండీ!"

"సరేలే. ఆదివారం ఆయన్ని మన బసకి పిలు. కాఫీ అంటే ఏంటో చూపిద్దాం."

మా బసలో చిన్న వంటగది ఉండేది. ఆవిడ ఇంటి నుంచి తెచ్చిన పెసలు నానబోసి, అల్లం పచ్చడి చేసి, ఆదివారం మధ్యాహ్నం పీటర్ గారికి పెసరట్టు, ఉప్మా పెట్టారు. ఆయన ముక్క మిగల్చకుండా తిన్నారు. పళ్ళెం ఖాళీ కాగానే ఇంకోటి పడింది. అదీ తిన్నారు. ఇంకోటి. ఆయన "చాలు" అంటే నేను తెలుగులో చెప్పాను.

"అందరూ అలాగే అంటారే. మొహమాటం. పళ్ళెం చూడు, ఎలా నాకేశారో!"

పీటర్ గారి మొహం కందగడ్డయింది, నుదుటి మీద చెమట పోస్తోంది. అయినా తింటున్నారు. ఇక ఉండబట్టలేక, మా వైపు పళ్ళెం ఖాళీ చేస్తే ఇంకా కావాలని అర్థమనీ, చెయ్యి అడ్డం పెట్టేదాకా వడ్డిస్తూనే ఉంటారనీ చెప్పేశాను. ఆయన చెంచా కింద పెట్టి, పెట్టింది వదిలేస్తే వండినవాళ్ళను అవమానించినట్టని చిన్నప్పుడే తమకు నేర్పారన్నారు. ఆ మాట నేను తెలుగులో చెప్పగానే మామ్మగారు అట్లకాడ పట్టుకునే పడీ పడీ నవ్వారు. ఆయనా కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. వచ్చిన పని మర్చిపోయి నేనూ నవ్వాను.

మామ్మగారు మాత్రం మర్చిపోలేదు. కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చున్నారు. "నేనన్నది అన్నట్టే చెప్పు. మెత్తబెట్టకు" అని నాతో అని, ఆయన వైపు తిరిగారు.

"అట్లు బావున్నాయాండీ?"

చాలా బావున్నాయన్నారు ఆయన.

"ఇంటికెళ్ళి మీ ఆవిడకి చెప్తారా? ఎవరు పెట్టారని అడిగితే ఏం చెప్తారు?"

"నరసాపురం నుంచి వచ్చిన ఆవిడ పెట్టారంటాను."

"మరి మా ఆడోళ్ళు అల్లిన గుడ్డ గురించి కూడా ఆ ఒక్క ముక్కే చెప్పమంటున్నానండి."

నా గొంతు వణికింది కానీ ఉన్నదున్నట్టు చెప్పాను. పీటర్ గారు ముందున్న పళ్ళెం పక్కకు జరిపారు. "పట్టీ చిన్నదిగా ఉండాలి" అన్నారు.

"చిన్నదైతే ఏంటండీ, కనబడితే చాలు" అని ఆవిడ లేచి స్టవ్ కట్టేశారు.

ఇప్పుడా వ్యాపారం నేను చూస్తున్నాను. పట్టీ కుట్టని గుడ్డను గడప దాటనివ్వను. అందువల్ల ఒక్కోసారి బేరం తప్పిపోతుంది. అలాంటప్పుడు భయం వేస్తుంది, అబద్ధం ఎందుకు. కానీ ఎంత పెద్దవాళ్ళ ముందైనా మా ఊరి పేరు చెప్పడానికి నా గొంతు వణకదు. ఆ వణుకును మామ్మగారు బ్రూజ్‌లోనే వదిలించేశారు.